మార్కస్ అసలు మనవడు రోమ్‌లోనే ఉన్నాడు

సంపాదకులకు,

నమస్కారం. ‘గ్లాడియేటర్ 2’ సినిమా మీద తెలుగులో వచ్చిన కొన్ని రాతల్లో కథానాయకుడు లూషియస్‌ను ‘రోమ్ బహిష్కరించిన యువరాజు’ అనీ, ఇది చరిత్రలో జరిగిన కథే అనీ రాశారు. సినిమాలో కల్పన ఉండటం తప్పు కాదు. కల్పనకు చరిత్ర అని ముద్ర వేస్తేనే చిక్కు. ఇక్కడ మరో నష్టం కూడా ఉంది. రోమన్ చక్రవర్తి మార్కస్ ఆరేలియస్‌కు కూతురు లూసిల్లా కడుపున పుట్టిన మనవడు నిజంగానే ఒకడుండేవాడు. ఈ హడావుడిలో అతని ఊసే ఎవరూ ఎత్తడం లేదు.

ముందు ‘బహిష్కరణ’ అన్న మాట సంగతి. భారతం తెలిసిన మనకు అరణ్యవాసం వేరు, అజ్ఞాతవాసం వేరు అని ఒకరు చెప్పనక్కర్లేదు. సినిమాలో తల్లి లూసిల్లా ప్రాణభయంతో పిల్లవాణ్ణి దేశం దాటిస్తుంది. వాడు ఉత్తర ఆఫ్రికాలోని నుమిడియాలో హానో అన్న మారుపేరుతో పెరుగుతాడు. అది అజ్ఞాతవాసం. రోమన్ చట్టంలో బహిష్కరణ అంటే అధికారికంగా పడే శిక్ష, అందులోనూ రెండు రకాలు. ‘రెలెగాషియో’లో మనిషి ఊరు విడిచి వెళ్లాలి కానీ పౌరసత్వం పోదు. ‘దెపోర్తాషియో’లో పౌరసత్వం, ఆస్తి రెండూ పోతాయి, సాధారణంగా ఏదో ఒక దీవిలో పడేస్తారు. నిజ చరిత్రలో దీవికి వెళ్లింది కొడుకు కాదు, తల్లి. 182లో తమ్ముడు, అప్పటి చక్రవర్తి కొమోడస్‌ను చంపించడానికి లూసిల్లా కుట్ర పన్నింది. కత్తి పట్టినవాడు పొడవకముందే ‘ఇది సెనేట్ పంపింది’ అని చాటుతూ నిలబడటంతో కాపలావాళ్లు పట్టేసుకున్నారు. కొమోడస్ ఆమెను కాప్రి దీవికి పంపి, అక్కడే చంపించాడు. అంటే సినిమాలో చక్రవర్తులుగా కనిపించే అన్నదమ్ములు కారకల్లా, గేటా గద్దె ఎక్కిన 211 నాటికి ఆమె పోయి సుమారు మూడు దశాబ్దాలు. ఇక నుమిడియా సంగతంటారా, అది క్రీ.పూ. 46లోనే జూలియస్ సీజర్ చేతికి చిక్కింది. రోమ్‌కు దొరక్కుండా దాక్కోవాలనుకున్నవాడికి అది చోటే కాదు.

లూసిల్లా మొదటి భర్త, సహచక్రవర్తి లూషియస్ వెరస్ 169లో పోయాడు. వాళ్ల కొడుకు చిన్నతనంలోనే చనిపోయాడు. తర్వాత తండ్రి ఆమెను తన సేనాని క్లాడియస్ పాంపెయానస్‌కు ఇచ్చి చేశాడు. ఆంటియోక్‌కు చెందిన ఈయన వయసులో చాలా పెద్ద, హోదాలో తక్కువ. లూసిల్లాకూ ఆమె తల్లికీ ఈ సంబంధం నచ్చలేదు. 193లో సింహాసనంలో వాటా ఇస్తామన్నా వయసు మీదపడిందనీ, చూపు మందగించిందనీ చెప్పి ఆయన వద్దన్నాడని పాత గ్రంథాల్లో ఉంది. వీళ్ల కొడుకే ఆరేలియస్ కొమోడస్ పాంపెయానస్. అతను ఎక్కడా దాక్కోలేదు. రోమ్‌లోనే పెరిగి 209లో కాన్సుల్ అనే పెద్ద పదవి చేపట్టాడు. తర్వాత కారకల్లా అతణ్ణి చంపించాడు. దారిదోపిడి దొంగల పనిలా కనిపించేలా ఆ హత్య జరిగిందని చక్రవర్తుల జీవితకథల పాత గ్రంథం ‘హిస్టోరియా ఆగస్టా’ రాసింది. లూసిల్లా కొడుకును కారకల్లా చంపించాడన్న మాట ఆ కాలపు చరిత్రకారుడు హెరోడియన్ రచనలోనూ ఉంది.

ఎందుకు చంపించాడన్నది అసలు ప్రశ్న. రోమ్‌లో పెద్దకొడుకే రాజు అన్న కట్టు లేదు. సైన్యం ఒప్పుకోవాలి, సెనేట్ తలూపాలి, దత్తత పెద్ద ఆయుధం. కారకల్లా తండ్రి సెప్టిమియస్ సెవెరస్ 195లో ఓ వింత పని చేశాడు. పదిహేనేళ్ల క్రితం చనిపోయిన మార్కస్ ఆరేలియస్‌కు తనను తాను దత్తపుత్రుడిగా ప్రకటించుకున్నాడు. పెద్దకొడుకు పేరు మార్చి మార్కస్ ఆరేలియస్ ఆంటోనైనస్ అని పెట్టాడు. కారకల్లా అన్నది జనం పెట్టిన మారుపేరే. కాబట్టి చట్టం లెక్కన మార్కస్ మనవడు, సినిమాలో ప్రతినాయకుడిగా కనిపించే ఆ కారకల్లాయే! రక్తం పంచుకున్న మనవడు బతికి ఉన్నంతకాలం ఈ కాగితపు వంశవృక్షం నిలబడదు. ఇంత పదునైన ముడి చరిత్రలోనే ఉండగా, లూషియస్‌ను మొదటి ‘గ్లాడియేటర్’ కథానాయకుడు మాక్సిమస్ కొడుకుగా చూపడం నాకు మింగుడుపడలేదు.

బరి విషయానికొస్తే, సినిమాలో బందీ అయినవాణ్ణి వచ్చిన వెంటనే కోతుల ముందుకు తోసి, ఆ తర్వాత మనుషులతో పోరాడే గ్లాడియేటర్ అనడం రెండు వృత్తులను కలిపేయడమే. పొద్దున జంతువుల పోరు, మధ్యాహ్నం శిక్షల అమలు, ఆ తర్వాత గ్లాడియేటర్లు. ఇదీ రోజు క్రమం. జంతువులతో పోరాడేవాళ్లకు రోమ్‌లో వేరే శిక్షణాలయం ఉండేది. గ్లాడియేటర్ శిక్షణ నేలలో పాతిన గుంజను చెక్కకత్తితో కొట్టడంతో మొదలయ్యేది. తర్వాత ఒక్కొక్కరికీ ఒక్క తరహా ఆయుధమే. ‘సెక్యూటర్’ అనే తరహా గ్లాడియేటర్ శిరస్త్రాణం ఒక్కటి చూస్తే చాలు. ముందు భాగమంతా మూసి ఉంటుంది, కళ్లకు రెండు చిన్న గుండ్రటి కన్నాలు మాత్రమే. పైన అంచులు, ఈకలు లేకుండా నున్నగా ఉండేది. ఎదుటివాడు వల, త్రిశూలం పట్టే ‘రెటియారియస్’ కాబట్టి, అతను విసిరే వల దేనికీ తగులుకోకూడదు, త్రిశూలం మొన కళ్లలో దిగకూడదు. అయితే అందులో గాలి ఆడదు, పక్కచూపు ఉండదు. అందుకే శిరస్త్రాణమే లేని వలవాడు దూరం పాటిస్తూ చుట్టూ తిరిగి అతణ్ణి అలసిపోయేలా చేస్తాడు. సెక్యూటర్ త్వరగా దగ్గరికి చొచ్చుకుపోవాలి, లేదంటే ఊపిరాడక ఓడతాడు.

ఇంత తర్ఫీదు ఇచ్చినవాణ్ణి ఊరికే చావనివ్వరు. రోమన్ న్యాయవేత్త గైయస్ ఇచ్చిన ఉదాహరణలో ఆట పెట్టించేవాడు యజమానికి చెల్లించేది, క్షేమంగా తిరిగొచ్చిన గ్లాడియేటర్‌కు 20 దినారియస్‌లు (వెండి నాణేలు), చనిపోయినా అవిటివాడైనా 1,000. ఒక్క దెబ్బకు యాభై రెట్ల తేడా! ఆట పెట్టించేవాడు చేయి ఆపి ఆలోచించేది ఇందుకే.

కొలోసియంలో నౌకాయుద్ధం పూర్తిగా కల్పన కాదు. 80లో చక్రవర్తి టైటస్ చేసిన ప్రారంభోత్సవంలో నీళ్లు నింపిన సంగతి రాతల్లో ఉంది. కానీ తర్వాతి చక్రవర్తి డొమీషియన్ బరి కింద గదులు, సొరంగాలు కట్టించాక అది కుదరదు. సొరచేపలు మరీ అన్యాయం. కాలువల మీదుగా వచ్చేది మంచినీరు, సముద్రపు సొరచేప అందులో బతకదు.

మీ సినిమా పేజీలో ఇలాంటి చిత్రాల సమీక్ష వేసినప్పుడు పక్కన నాలుగు వాక్యాల పెట్టె ఒకటి ఇవ్వాలని కోరుతున్నాను. ఎవరు నిజంగా ఉన్నారు, ఎవరు కల్పితం, ఏ సంవత్సరం అన్నది చాలు. ఈ సినిమాకైతే అందులో మొదటి పేరు పాంపెయానస్‌ది ఉండాలి.

ఇట్లు
రోమన్ చరిత్ర చదివే ఒక పాఠకుడు