ఫిల్మ్‌తో పాటు స్కాన్ డేటా కూడా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు కొత్తపేటలో సీటీ స్కాన్ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. మొన్న వినుకొండ వైపు నుంచి ఒక పెద్దాయన్ని కొడుకు తీసుకొచ్చాడు. ఊపిరితిత్తిలో గడ్డకు కీమో అయింది, తగ్గిందో లేదో చూడాలి. పాత స్కాన్ ఏదని అడిగితే ఫిల్మ్ కవరు, రిపోర్టు చేతికిచ్చాడు. సీడీ లేదా అంటే "వాళ్లు ఇంతే ఇచ్చారు మేడమ్" అన్నాడు. ఇలా వచ్చేవాళ్లే ఎక్కువ. కొందరైతే ఫిల్మ్‌ని ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు.

రెండు ఫిల్మ్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలదా అని ఆ అబ్బాయి అడిగాడు. చాలదు. మామూలుగా ఊపిరి తీసుకున్నా డయాఫ్రం, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర, ఒకటి రెండు సెంటీమీటర్లు కదులుతుంది. బిగబట్టమన్నప్పుడు ఒకసారి నిండుగా పీలుస్తారు, ఇంకోసారి దగ్గొచ్చి సగంలో వదిలేస్తారు. లివర్, ఊపిరితిత్తి కింది భాగం చోటే కాదు, ఆకారమూ మారతాయి. తల స్కాన్ అయితే అటూ ఇటూ జరిపి, తిప్పి కలపొచ్చు, పుర్రె మారదు కాబట్టి. ఛాతీకి అలా కుదరదు. అందుకే ఒక స్కాన్‌ని చోటుచోటుకీ వేరుగా సాగదీసి రెండోదానికి సరిపెట్టే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. రొమ్ము ఎంఆర్ఐల కోసం 1999లో ప్రచురించిన ఒక పద్ధతి ఈ రంగంలో ఇప్పటికీ వాడుకలో ఉంది.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. శరీరమంతా ఒకే రబ్బరు అనుకుని సాగదీస్తే పక్కటెముక వంగుతుంది, వెన్నుపూస ఉబ్బుతుంది. అంతకన్నా ప్రమాదం, కీమోతో కరిగిన గడ్డను పాత సైజుకే సాగదీసి రెండూ చక్కగా కలిశాయని చూపించగలదు. డాక్టరు వెతుకుతున్న తేడాయే అందులో చెరిగిపోతుంది! ఎముక గట్టిగా ఉండాలి, ఊపిరితిత్తి సాగాలి, గడ్డ సైజును మార్చకూడదు అని సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పాలి. చెప్పినా, కలిపిన బొమ్మను డాక్టరు కళ్లారా సరిచూడాల్సిందే.

ఏది ఎముకో ఏది గాలో సాఫ్ట్‌వేర్‌కు తెలిసేది స్కాన్‌లోని అంకెల వల్లే. సీటీలో ఒక్కో చోటు ఎంత సాంద్రంగా ఉందో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ స్కేలు మీద గాలి మైనస్ 1000, నీరు 0, ఎముక కొన్ని వందల పైనే. ఫిల్మ్ మీద ఆ అంకెలు ఉండవు. ఒక్కో షీటు మీద ఇరవై ముప్పై బొమ్మలు ఇరికించి ప్రింట్ చేస్తారు, అంతే. ఒక మిల్లీమీటరు మందంతో తీసిన పలచని స్లైసులు (అడ్డకోత బొమ్మలు) చాలాచోట్ల కొన్నాళ్లకు సిస్టమ్ నుంచి తీసేస్తారు. ఆ తర్వాత ఎంత మంచి సాఫ్ట్‌వేర్ ఉన్నా పోల్చడానికి ఏమీ మిగలదు.

వేలు పోసి స్కాన్ తీయించుకున్న మనిషికి పలచని స్లైసులతో సహా డైకామ్ డేటా (స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్లు) మొత్తం సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడగకుండానే ఇవ్వాలి. గుంటూరు, విజయవాడ సెంటర్లు ఇది రేపటి నుంచే చేయొచ్చు. ఆరోగ్య శాఖ దీన్ని నిబంధనగా పెట్టాలని కోరుతున్నాను. పేషెంట్ల బంధువులకు నా మనవి: బిల్లు కట్టేటప్పుడే సీడీ అడిగి తీసుకోండి.

– ఒక సీటీ టెక్నీషియన్, బ్రాడీపేట, గుంటూరు