మా పాత కార్లకు పెట్రోల్ ఎక్కడ పోయించుకోవాలి? పెట్రోలియం మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర పెట్రోలియం, సహజవాయు శాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం.

ఇప్పుడు బంకుల్లో అమ్మే, ఇథనాల్ (పంటల నుంచి తీసే ఆల్కహాల్) కలిపిన పెట్రోల్ పాత బండ్లకు పడదన్న విషయం మీద మాలాంటివాళ్లం ఇంతకు ముందే అర్జీలు పెట్టుకున్నాం, మెయిళ్లు పంపుకున్నాం. సూటిగా జవాబు చెప్పినవాళ్లు లేరు కాబట్టి ఇప్పుడు నలుగురూ చదివేలా రాస్తున్నాను. నా దగ్గర 1968 నాటి ఫియట్ 1100 ఉంది. మా నాన్నగారు కొన్న బండి. హైదరాబాద్‌లో ఉంటాం. ఆ బండికి సరిపడే పెట్రోల్ ఊళ్లో ఏ బంకులో దొరుకుతుందో చెప్పండి. నా ప్రశ్న అంతే.

ఇథనాల్‌కు నేను వ్యతిరేకిని కాను. చెరకు రైతుకో మొక్కజొన్న రైతుకో నాలుగు డబ్బులు మిగిలితే, చమురు దిగుమతుల ఖర్చు తగ్గితే ఎవరికి చేదు? ఈ20కి, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు, తగ్గట్టు తయారైన కొత్త బండ్లకు ఈ20 పోయండి, ఎవరూ కాదనరు. కానీ ఇథనాల్ ఊసే లేని రోజుల్లో తయారైన అంబాసిడర్లు, ఫియట్లు, స్టాండర్డ్ హెరాల్డులు, వాటికన్నా ముందటి మోరిస్‌లు, ఆస్టిన్‌లు ఏం కావాలి? వాటిని నడిపేవాళ్లందరూ డబ్బున్న షోకిల్లాలనుకుంటే పొరపాటు. మాలో ఎక్కువమంది రిటైరైన ఉద్యోగులు, చిన్న వ్యాపారులు, తండ్రి బండి అమ్మడానికి మనసొప్పక ఉంచుకున్నవాళ్లు.

2021 జూన్‌లో నీతి ఆయోగ్ విడుదల చేసిన ఇథనాల్ రోడ్‌మ్యాప్ మీకు తెలియనిది కాదు. పాత బండ్ల రక్షణ కోసం ఈ10 పెట్రోల్‌ను దేశమంతా అందుబాటులో ఉంచాలని అందులోనే ఉంది. ఈ20 వస్తుంది, దాని పక్కనే ఈ10 కూడా ఉంటుంది, ఎవరి బండికి ఏది సరిపోతే వాళ్లు అది పోయించుకుంటారు అని మేమందరం అనుకున్నాం. ఈ20 వచ్చింది. 2030కి అనుకున్న లక్ష్యాన్ని 2025-26కి ముందుకు జరిపి మరీ తెచ్చారు. ఆ పక్కన ఉండాల్సిన పెట్రోల్ మాత్రం ఏ బంకులోనూ కనిపించదు. లక్ష్యాన్ని అయిదేళ్లు ముందుకు జరపగలిగినవాళ్లకు ఆ లక్ష్యంతో పాటు ఇచ్చిన మాట ఎందుకు గుర్తుండలేదు? మైలేజీ తగ్గే నష్టానికి బదులుగా పన్ను తగ్గించాలని కూడా అదే రోడ్‌మ్యాప్‌లో ఉంది. అదీ జరగలేదు. ఈ0 (ఇథనాల్ లేని పెట్రోల్) కోసం తయారై ఈ10కి సర్దిన కార్లకే ఈ20తో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని రాసింది కూడా వాళ్లే. మా కార్లను ఈ10కి కూడా ఎవరూ సర్దలేదు. వాటి లెక్క ఎవరు కట్టారు?

2025 ఆగస్టులో మీ శాఖ ఇచ్చిన వివరణ చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. కొన్ని పాత బండ్లలో 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చనీ, అది చవకనీ, సర్వీసింగ్‌లో అయిపోతుందనీ దాని సారాంశం. అయ్యా, మా బండ్లు ఏడాదికి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. ఆ లెక్కన 20,000 తిరిగేసరికి మేమే ఉండం. మా బండ్లు నెలల తరబడి కదలకుండా ఉంటాయి, ట్యాంకులో పెట్రోల్ అలాగే నిలవ ఉంటుంది. రబ్బరు పాడయ్యేది రాత్రీ పగలూ ఇథనాల్‌లో నానుతూ ఉండటం వల్ల. దానికి కిలోమీటర్ల మీటరుతో సంబంధం లేదు. పథ్యంలో ఉన్న ముసలాయనకు పెళ్లి భోజనం వడ్డించి, అరక్కపోతే మాత్ర వేసుకోమన్నట్టుంది ఈ సలహా.

ఇంతకీ ఒక పాత కారులో ఏం జరుగుతుందో ఒక్కసారి ఓపిగ్గా వినండి. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. మా ట్యాంకు మూతలు ఇప్పటి బండ్ల మూతల్లా బిగుతుగా సీల్ అయ్యేవి కావు. వానాకాలం మొత్తం షెడ్డులో ఉన్న బండిలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో, నీళ్లు చేరుతూనే ఉంటాయి. మోతాదు మించితే ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. పైపు పీల్చేది అడుగునుంచే. ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. ఏళ్ల తరబడి గోడలకు అంటుకుని ఉన్న మడ్డిని ఇథనాల్ కరిగించి కదిలిస్తుంది, ఆ మడ్డి, ఆ తుప్పు కలిసి ఫిల్టర్‌కీ, పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బ్యురేటర్ జెట్లకీ అడ్డం పడతాయి. కార్బ్యురేటర్ విప్పితే బౌల్ అడుగున తెల్లటి పొడి కనిపిస్తుంది, అది లోహాన్ని తింటున్న గుర్తు. పెట్రోల్ పంపు డయాఫ్రం మెత్తబడి ఉబ్బుతుంది, కార్క్ ప్యాకింగులు ముక్కలవుతాయి. ఇంకా పాత బండ్లలో పెట్రోల్ మట్టాన్ని అదుపుచేసే ఫ్లోట్లు కార్క్‌తో చేసి పైన లక్క పూత పూసేవాళ్లు. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుందని పాలిష్ పని చేసే వడ్రంగిని అడిగినా చెబుతాడు.

అన్నిటికన్నా భయం పెట్రోల్ లీకు. మెత్తబడిన పైపు నుంచి కారే పెట్రోల్ వేడి ఇంజిన్ మీద పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఈ మధ్య బండి బయటికి తీసిన ప్రతిసారీ బానెట్ ఎత్తి వాసన చూడటం, కింద చుక్కలు పడ్డాయేమో వంగి చూడటం, ఇదే టెన్షన్. మా ఆవిడ ఆ కారులో ఎక్కడం మానేసింది. ఆమెను తప్పుపట్టలేను.

ఇంజిన్ సంగతి ఇంకొకటి. ఒక పాలు పెట్రోల్ మండటానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కైతే 9 చాలు. కొత్త కారులో సెన్సర్ ఉంటుంది, అది కనిపెట్టి ఇంధనం పెంచుతుంది. మా కార్బ్యురేటర్‌లో ఉన్నది ఇత్తడి జెట్టుకు ఒక చిన్న రంధ్రం. అది ఎప్పుడూ అంతే పోస్తుంది. దాంతో గాలి ఎక్కువై మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది, పికప్ ఉండదు. మే నెల ఎండలో సిగ్నల్ దగ్గర పెట్రోల్ పైపులోనే ఆవిరై, మెకానిక్‌లు ఎయిర్ లాక్ అంటారు చూడండి, అది పట్టి బండి నిలిచిపోతుంది. వెనకాల హారన్ల మోత. జెట్ పెద్దది వేసుకోండి అంటారు. యాభై ఏళ్ల కిందట ఆగిపోయిన మోడల్‌కు అన్ని సైజుల జెట్లు ఏ షాపులో అమ్ముతున్నారు? సోలెక్స్ కార్బ్యురేటర్ మీద చెయ్యి తిరిగిన మేస్త్రీలు నగరం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు, వాళ్లకూ వయసు మీద పడింది.

మరి ఇదే కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో పాత బండ్ల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండికి వీఏ అక్షరాలతో నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల ఫీజు, పదేళ్ల తర్వాత రెన్యువల్‌కు 5,000. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేయకూడదు. రోజువారీ తిరగకూడదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోల్ పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కవచ్చు. ఇది వారసత్వం, కాపాడుకోవాలి అని ఒక శాఖ ఒప్పుకుంది. చాలా సంతోషించాం. పెట్రోల్ పోయించుకోవడానికి వెళ్లొచ్చని రాతపూర్వకంగా అనుమతి ఉంది, ఆ బండికి పోయించుకునే పెట్రోల్ ఇంకో శాఖ చేతిలో ఉంది. రెండు శాఖలూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకోలేవా?

దారి లేదా అంటే 100 ఆక్టేన్ (ఇంజిన్‌లో పెట్రోల్ వేళకు ముందే మండిపోకుండా తట్టుకునే స్థాయి) పెట్రోల్ ఉంది కదా అంటారు. ఇండియన్ ఆయిల్ వాళ్ల ఎక్స్‌పీ100లో ఇథనాల్ ఉండదని అందరూ చెప్పుకుంటారు, మేమూ అదే వెతుక్కుంటున్నాం. కానీ అది పెద్ద నగరాల్లో ఏవో కొన్ని బంకుల్లోనే ఉంటుంది. ధరా మామూలు పెట్రోల్ కన్నా చాలా ఎక్కువ. పైగా అది సూపర్ బైకుల కోసం, ఖరీదైన కార్ల కోసం తెచ్చిన పెట్రోల్. తక్కువ కంప్రెషన్‌తో నడిచే మా ఇంజిన్లకు అంత ఆక్టేన్ అక్కర్లేదు, అక్కర్లేని దానికి డబ్బు పోస్తున్నాం. రాజమండ్రిలోనో ఖమ్మంలోనో ఉన్నవాడు ఆ పెట్రోల్ కోసం హైదరాబాద్ రావాలా? డబ్బాల్లో తీసుకెళదామంటే బంకువాళ్లు పోయరు, పోయకపోవడమే సరైన పని కూడా. ఇక కొందరు కుర్రాళ్లు వీడియోలు చూసి, పెట్రోల్‌లో నీళ్లు కలిపి గిలకొట్టి ఇథనాల్‌ను కిందికి దించి తీసేస్తున్నారు. ఇంటి పెరట్లో, పిల్లలు తిరిగేచోట! అలా చేస్తే ఆక్టేన్ కూడా పడిపోతుంది. వద్దురా అని నేను చెబుతూనే ఉన్నాను, మరి ఏం పోయమంటావు అంకుల్ అని వాళ్లు అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

బ్రిటన్‌లో 2021 సెప్టెంబర్‌లో మామూలు పెట్రోల్‌ను ఈ10కి మార్చారు. మార్చేటప్పుడే పాత కార్ల కోసం సూపర్ గ్రేడ్‌లో ఈ5ను ఉంచారు, ఏ బండికి ఏది పోయాలో జనానికి చెప్పారు. పదికే అక్కడ అంత జాగ్రత్త పడ్డారు. ఇరవైకి వెళ్లిన మనం కనీసం పంపు మీద ఎంత శాతమో స్పష్టంగా రాసి పెట్టించలేమా? నేను వెళ్లే బంకులో అడిగితే పోసే కుర్రాడికి తెలియదు, మేనేజర్‌కూ తెలియదు.

ఇథనాల్ లేని పెట్రోల్ కూడా ఎంచుకునే వీలు ఉండాలని వేసిన పిల్‌ను 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కోర్టు తలుపు మూసుకుంది కాబట్టే మీ తలుపు తడుతున్నాం. విధానం మార్చమని అడగడం లేదు. దేశంలో అమ్ముడయ్యే పెట్రోల్‌లో మా వాటా ఎంతని? మాకు పోసే పెట్రోల్‌లో ఇథనాల్ లేకపోతే మీ 20 శాతం లక్ష్యానికి వచ్చే లోటు ఏముంటుంది?

జిల్లాకు ఒక్క బంకులో ఒక్క పంపు ఇవ్వండి. ఇథనాల్ లేని మామూలు ఆక్టేన్ పెట్రోల్ ఇవ్వండి. అది కుదరదంటే రోడ్‌మ్యాప్‌లో చెప్పిన ఈ10 అయినా ఇవ్వండి. కొంచెం ఎక్కువ ధరైనా కొంటాం. వీఏ నంబరు చూపిస్తేనే పోస్తామన్నా సరే, నెలకు ఇన్ని లీటర్లే అన్నా సరే. మీ శాఖ నుంచి మాకు కావలసిన జవాబు చాలా చిన్నది. ఏ బంకులో, ఏ తేదీ నుంచి, లీటరు ఎంతకు?

ఇట్లు,
ఒక పాత ఫియట్ యజమాని,
హైదరాబాద్