కాలనీ సంక్షేమ సంఘం, తిరుపతి: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

వీధి దీపాలు, కాలువ పూడికతీత, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. లెక్కల కాగితం వెనక జతచేశాం. ఈ ఏడాది మాటలూ అలకలూ అన్నీ వెదురు చుట్టూనే తిరిగాయి కాబట్టి ఈ నివేదికలో పెద్ద వాటా దానిదే.

పార్కు గోడ వెంట ఉన్నది పసుపు గెడ మీద ఆకుపచ్చ చారలుండే అలంకార వెదురు. ఇది పొదకట్టి పెరిగే రకం. దూరదూరంగా పాకి ఇళ్లలోకి మొలుస్తుందని టెన్షన్ పడక్కర్లేదు. పొద ఏటా కాస్త వెడల్పవుతుంది, అంతే. గోడకు మరీ దగ్గరగా నాటించడం మాత్రం మా తప్పే.

అంతకన్నా పెద్ద తప్పు ఏప్రిల్‌లో జరిగింది. శ్రీరామనవమి పందిరికి ధగధగలాడే గెడలు ఏరి మరీ కొట్టించాం. అవన్నీ లేతవి. దాచిపెట్టిన గెడల కింద దసరాకల్లా పిండి రాలింది. వెదురులోని పిండిపదార్థం కోసం పడే పురుగు తొలిచిన పొడి అది. ఈ రకానికి ఆ పురుగు బెడద మరీ ఎక్కువ. బుట్టలల్లే మేదరి పెద్దాయన చూసి, "మూడేండ్లు నిండందే కత్తి పెట్టకూడదు సార్, కొట్టినాక నీళ్లలో నానెయ్యాల" అన్నాడు. గెడ కొద్ది నెలల్లోనే పూర్తి ఎత్తుకు పోతుంది గానీ, ముదరడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అందుకే ఇప్పుడు ప్రతి కొత్త గెడ మీదా పెయింటుతో ఏడాది రాయిస్తున్నాం. పిల్లలు పక్కనే తమ పేర్లూ చెక్కుతున్నారు, కాస్త చెప్పండి.

నరకడానికి ఫారెస్టు వాళ్ల అనుమతి అక్కర్లేదా అని ఒకరిద్దరు అడిగారు. 1927 నాటి అటవీ చట్టాన్ని 2017లో సవరించాక, అడవి బయట పెరిగే వెదురును ఆ చట్టం చెట్టుగా లెక్కించడం లేదు.

ఇక ఇళ్లకు ఇచ్చిన బుద్ధ వెదురు కుండీలు. బుద్ధుడి బొజ్జలా కణుపుల మధ్య ఉబ్బే రకమిది. "బొజ్జ రాలేదు, వేరే మొక్క అంటగట్టారు" అని ఫిర్యాదులు వచ్చాయి. మొక్క అదే. వేళ్లకు చోటూ నీళ్లూ పుష్కలంగా దొరికితే అది మామూలు వెదురులా నిటారుగా పోతుంది. కుండీ ఇరుకై, నీళ్లు కటకటైతేనే కణుపుల మధ్య పొట్టిగా ఉబ్బుతుంది. ప్రేమగా రోజూ బకెట్లు పోసిన ఇళ్లలో బొజ్జ లేదు. ట్యాంకరు నీళ్లు లెక్కపెట్టి వాడే మన కోశాధికారి ఇంట్లో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

పెద్దాయన ఏరి కొట్టిన ముదురు గెడలు పంపుహౌస్ తొట్టిలో నానుతున్నాయి. చిక్కుడు పందిళ్లకు కావలసినవాళ్లు వాచ్‌మన్ దగ్గర పేరు రాయించుకోండి.

- కార్యదర్శి