మీటరు లేని ఇంటికి ఉచిత కరెంటు ఎలా వస్తుంది?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ ఎడిట్ పేజీలో ఆఫ్రికా దేశాలకు కరెంటు అందించడం గురించి పెద్ద వ్యాసం వేశారు. అది చదివిన రోజే రాద్దామనుకున్నాను. కోపం చల్లారాక రాయడం మంచిదని ఆగాను. ఇన్ని రోజులైనా చల్లారలేదు.

వ్యాసంలోని లెక్కల మీద నాకు పేచీ లేదు. 2023 నాటికి ప్రపంచంలో 92 శాతం మందికి కరెంటు ఉందని, ఇంకా 66 కోట్ల మందికి పైగా లేదని, వాళ్లలో నూటికి 85 మంది సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికాలోనే ఉన్నారని రాశారు. 2030 కల్లా అక్కడ 30 కోట్ల మందికి కనెక్షన్లు ఇవ్వాలని ప్రపంచ బ్యాంకు, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు కలిసి పని మొదలుపెట్టిన సంగతీ నిజమే. నాకు ఒళ్లు మండింది చివరి పేరాకి. భారతదేశం ఈ పని ఎప్పుడో పూర్తి చేసేసింది, ఇక వాళ్లు మన దగ్గర నేర్చుకోవడమే తరువాయి అని తేల్చేశారు. హైదరాబాద్‌లో అచ్చయ్యే పత్రిక ఆ మాట రాసే ముందు ఒక్క బస్తీలోకైనా మనిషిని పంపి చూడాల్సింది.

నేను ఉద్యోగమంతా స్తంభాల మీద, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర గడిపినవాణ్ణి. జూనియర్ లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. కాగితం మీద పని ఎలా పూర్తవుతుందో నాకు తెలుసు. 1997 దాకా ఊరి రెవెన్యూ పరిధిలో ఏ అవసరానికి కరెంటు వాడినా ఆ ఊరికి విద్యుదీకరణ అయిపోయినట్టే. పొలంలో ఒక్క బోరు మోటారు తిరిగితే చాలు, ఊళ్లో ఒక్క ఇంట్లో దీపం వెలగకపోయినా లెక్కలోకి ఎక్కేది. 2004లో దాన్ని మార్చి, బడి, పంచాయతీ ఆఫీసు, ఆరోగ్య కేంద్రం లాంటి వాటితో పాటు నూటికి పది ఇళ్లకు ఇస్తే చాలన్నారు. మరి మిగతా తొంభై ఇళ్ల సంగతి? 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లీసాంగ్‌కు లైను చేరగానే దేశంలో అన్ని ఊళ్లకూ కరెంటు వచ్చిందని ప్రకటించారు కదా, అదీ ఈ కొలత ప్రకారమే. ఇంటింటికీ ఇవ్వడానికి సౌభాగ్య అని ఇంకో పథకం 2017లో పెట్టాల్సి వచ్చింది. దాని కింద 2.86 కోట్ల ఇళ్లకు ఇచ్చామని కేంద్రమే చెప్పింది. అంటే అన్నేళ్లుగా అన్ని కోట్ల ఇళ్లు చీకట్లో ఉన్నట్టే కదా. ఆ పనిని నేను తక్కువ చేయను. గుట్టలెక్కి స్తంభాలు మోసింది మాలాంటి వాళ్లూ, వాళ్ల పక్కన తక్కువ కూలికి పనిచేసిన కాంట్రాక్టు కార్మికులూ. ఆ కష్టాన్ని చూపించి ఇక మిగిలిందేమీ లేదంటేనే బాధ.

ఇక మన నగరం. 1920లోనే హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం పెట్టుకున్న నగరమిది. ఆ సంగతి పిల్లలకు గర్వంగా చెప్పుకునేవాణ్ణి నేను. నూరేళ్లు దాటాక ఇక్కడ ఏం జరుగుతోందో చూడండి.

మా ఇంటికి దగ్గర్లో ఒక బస్తీ ఉంది. పేరు రాయను, రాస్తే రేపు పొద్దున్నే వచ్చి వైర్లు కత్తిరించుకుపోతారు. ఒక్కో ఆవరణలో వరసగా రేకుల గదులు, గదికో కుటుంబం, అందరికీ కలిపి మీటరు ఒక్కటే. అది యజమాని పేరు మీద ఉంటుంది. అక్కడి నుంచి సన్నటి వైరు గది గదికీ పోతుంది. అతుకులకు టేపు కూడా ఉండదు, పాల ప్యాకెట్ కవరు చుట్టి దారం కడతారు. వానొస్తే ఆ అతుకుల నుంచి నీళ్లు రేకు మీదికి కారతాయి. రేకుకు కరెంటు పాస్ అవుతుందేమోనని పిల్లల్ని తలుపు ముట్టుకోనివ్వరు. అన్నేళ్లు లైన్ల మీద పనిచేసిన నాకే అక్కడ నిలబడాలంటే భయం వేస్తుంది.

ఆ గదుల్లో ఒక బల్బు, ఒక ఫ్యాను, ఫోను ఛార్జింగు, కొందరికి టీవీ. ఒక్కో కుటుంబానికి నెలకు 60, 70 యూనిట్లు మించవు. ఎవరి మీటరు వాళ్లకుంటే, తెల్ల రేషన్ కార్డు ఉన్న ప్రతి ఇంటికీ గృహజ్యోతి కింద జీరో బిల్లు రావాలి. 200 యూనిట్ల దాకా ఉచితమని 2024 నుంచి ఇస్తున్నారు కదా. కానీ ఐదు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే రీడింగు 300 దాటుతుంది. ఉచితం పోతుంది, పైగా శ్లాబు మారుతుంది. బాగా తక్కువ వాడేవాళ్లకు తొలి 50 యూనిట్లకు యూనిట్ ధర 1.95 రూపాయలైతే, 300 దాటిన తర్వాత యూనిట్ 9 రూపాయలు. యజమాని దాని మీద ఇంకొంత వేసి గదికింత అని వసూలు చేస్తాడు. ఇళ్లలో పనిచేసుకునే ఒక అమ్మాయి నన్ను ఆపి అడిగింది: "సార్, నేను పనిచేసే మేడమ్ వాళ్లింటికి యూనిట్ ఇంతని లెక్కుంది, మా గదికి లెక్క ఎందుకు లేదు? జీరో బిల్లు మాకెందుకు రాదు?" దానికి జవాబు చెప్పాల్సిన ఆఫీసు ఆ బస్తీకి కూతవేటు దూరంలోనే ఉంది.

సొంతంగా మీటరు పెట్టుకోమని నేనే కొందరిని పంపాను. దరఖాస్తు తిప్పి పంపారు. ఇంటి పన్ను రసీదు కావాలట, లేదా రిజిస్ట్రేషన్ కాగితం, అదీ లేకపోతే తనకు అభ్యంతరం లేదని యజమాని రాసిచ్చే ఎన్‌ఓసీ. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్‌లో యజమాని అడిగినా, అందులో ఉంటున్నవాళ్లు అడిగినా సరఫరా ఇవ్వాలని స్పష్టంగా ఉంది. యజమాని ఎన్‌ఓసీ ఇవ్వలేదన్న సాకుతో కరెంటు నిరాకరించకూడదని, దరఖాస్తుదారు అక్కడ ఉంటున్నాడా లేదా అన్నదే చూడాలని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం మెట్రో నగరాల్లో కొత్త కనెక్షన్ మూడు రోజుల్లో ఇవ్వాలి. సుప్రీంకోర్టు మాట మన కరెంటు ఆఫీసు గుమ్మం దాటదా? అదే మనిషి వెదురు కర్రతో లైనుకు కొక్కెం తగిలిస్తే మాత్రం చట్టం వెంటనే గుర్తొస్తుంది, 135వ సెక్షన్ కింద దొంగతనం కేసు. అడిగితే ఇవ్వరు, తీసుకుంటే దొంగంటారు. కొక్కేలు తగిలించమని నేననడం లేదు, తడి కర్ర పట్టుకుని పోయినవాళ్ల శవాలను దించినవాణ్ణి. ఇవ్వాల్సింది ఇచ్చేస్తే ఆ కొక్కేల అవసరమే ఉండదంటున్నాను.

నగరం సంగతే ఇలా ఉంటే నల్లమల అడవిలో చెంచుల గూడేల (పెంటలంటారు) గురించి ఏం చెప్పను? అడవిలోంచి లైను వేయడానికి అనుమతి లేదని దశాబ్దాలుగా అదే మాట. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ ఒక్కసారి తీసి చదవండి. బడి, అంగన్‌వాడీతో పాటు కరెంటు లైనుకూ గ్రామసభ సిఫారసు చేస్తే హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చని అందులోనే ఉంది. లైను వేయలేని చోట సోలార్ పలకలు పెట్టారు, మంచిదే. బ్యాటరీకి ఆయుష్షు నాలుగైదేళ్లు. ఆ తర్వాత దాన్ని మార్చే బాధ్యత ఎవరిదో ప్రారంభోత్సవం రోజే రాసిపెట్టాలి. ఆఫ్రికా పల్లెల్లోనూ సోలార్ దీపాలకు వచ్చే మొదటి సమస్య ఇదే.

నేర్చుకోవాల్సింది వాళ్లేనని రాశారు గనుక ఒకటి చెబుతాను. కెన్యాలో లైను ఇంటి పక్కనుంచే పోతున్నా కనెక్షన్ ఛార్జీ కట్టలేక జనం చీకట్లో ఉంటున్నారని గ్రహించి, 2015లో దాన్ని 35,000 షిల్లింగుల నుంచి 15,000కి తగ్గించారు, వాయిదాల్లో కట్టనిచ్చారు. పేదవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చూసి అక్కడ అడ్డు తీశారు. ప్రపంచ బ్యాంకు కూడా ఇప్పుడు కనెక్షన్ ఉందా లేదా అని ఊరుకోదు, రోజుకు ఎన్ని గంటలు ఉంటోంది, వోల్టేజీ ఎంత, ఎన్నిసార్లు పోతోంది అని మెట్లు మెట్లుగా కొలుస్తుంది. కింది మెట్టుకు కనీసం 4 గంటలు, పై మెట్టుకు 23 గంటలు. మా బస్తీలో సాయంత్రం ఆరయితే ట్యూబులైటు అంటుకోదు, ఫ్యాను మెల్లగా తిరుగుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎంతో, ఎన్ని గదులున్నాయో ఆఫీసులో ఎవరినైనా అడగండి. మా రోజుల్లో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సార్ లైన్ వెంట నడిచేవారు, ఏ ఫేజులో లోడు ఎక్కువుందో నోటితో చెప్పేవారు. ఇప్పుడు ఫిర్యాదు చేస్తే ఇంకా చీకట్లో ఉండగానే "మీ సమస్య పరిష్కరించాం" అని ఫోనుకు మెసేజ్ వస్తుంది. దుర్గంచెరువు కేబుల్ వంతెన మీద రంగు దీపాలు ఒక్క రాత్రి ఆరిపోతే ఎంతమంది పరుగెత్తుతారో నాకు తెలుసు. ఆ పరుగులో పదో వంతు బస్తీ ట్రాన్స్‌ఫార్మర్ కోసం పెట్టినా చాలు.

అధికారులను అడిగేది ఒక్కటే. వచ్చే ఎండాకాలం లోపు బస్తీల్లో మీటర్ల క్యాంపులు పెట్టండి. ఆ గదిలో ఉంటున్నట్టు ఆధారం చూసి, అక్కడికక్కడే దరఖాస్తు తీసుకుని మూడు రోజుల్లో మీటరు బిగించండి. మీ పత్రిక చేయాల్సిన పని కూడా ఒకటుంది. కొత్త కనెక్షన్ కోసం వచ్చిన దరఖాస్తులు ఎన్ని, తిప్పి పంపినవి ఎన్ని, ఏ కారణంతో పంపారు అన్న లెక్కను డివిజన్ వారీగా సమాచార హక్కు కింద అడిగి జిల్లా పేజీలో వేయండి. మీ విలేకరిని పంపితే ఆ బస్తీలో గది గదికీ నేనే తీసుకెళ్లి చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్,
రామంతాపూర్, హైదరాబాద్