విషయం: ఆల్బమ్ ప్రమోషన్ పేరుతో దొంగ స్ట్రీములు – డబ్బు వాపసు, తొలగించిన పాట గురించి ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. మాది విశాఖపట్నంలో నలుగురం కలిసి నడుపుకుంటున్న తెలుగు బ్యాండ్. సినిమా పాటల జోలికి పోకుండా సొంత పాటలే పాడతాం. ఎనిమిది పాటల మా కొత్త ఆల్బమ్ ప్రచారం కోసం మీ దగ్గర 30,000 రూపాయల ప్యాకేజీ తీసుకుని, 18 శాతం జీఎస్టీతో కలిపి 35,400 కట్టాం. ప్రచారానికని మేం కూడబెట్టుకున్న డబ్బులో సగానికి పైగా అదే. వీడియో, పోస్టర్లు, హైదరాబాద్ షోకి రైలు టికెట్లు అన్నీ మిగిలిన దాంట్లోనే సర్దుకున్నాం.

ముందుగా, పాటలు వినే యాప్ స్పాటిఫైలో ప్లేలిస్టులు (పాటల జాబితాలు) తయారుచేసే ఎడిటర్లకు పాట పంపడం గురించి. ఇంకా విడుదల కాని పాటనే వాళ్లకు పంపగలం. కనీసం ఏడు రోజుల ముందు పంపితే, మమ్మల్ని ఫాలో అయ్యేవాళ్లకు యాప్ చూపించే కొత్త పాటల జాబితా 'రిలీజ్ రాడార్'లోకి ఆ పాటే వెళ్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు. చేతిలో డబ్బు లేని బ్యాండ్‌కి ఇంతకు మించిన అవకాశం ఏముంటుంది? "అదంతా మేం చూసుకుంటాం, యాక్సెస్ ఇవ్వండి చాలు" అని మీ ప్రతినిధి ఫోన్లో చెప్పారు, వాట్సాప్‌లోనూ రాశారు. మాస్టర్ ఫైళ్లు, కవర్, సాహిత్యం నెల ముందే మీకు అందాయి. ఆల్బమ్ శుక్రవారం విడుదలైంది. మీవాళ్లు ఆ పని మొదలుపెట్టింది సోమవారం. అప్పటికి పంపడానికి వీలే లేదు. ఆ ఎనిమిది పాటల్లో ఏ ఒక్కదానికీ ఆ అవకాశం మళ్లీ రాదు.

అసలు బాధ దీని తర్వాతది. మీ మొదటి రిపోర్టులో ఒకే పాటకి రెండు రోజుల్లో 20 వేలకు పైగా స్ట్రీములు వచ్చాయని, అంటే పాట అన్నిసార్లు ప్లే అయిందని రాశారు. మా ఆర్టిస్ట్ పేజీ తెరిచి చూస్తే, శ్రోతలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో మొదటిది ఫ్రాంక్‌ఫర్ట్, రెండోది హెల్సింకి. విశాఖ ఎక్కడో అడుగున ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెలుగువాళ్లు లేరని అనను. కానీ రాత్రికి రాత్రే వేలమంది ఉత్తరాంధ్ర యాసలో పాడిన పాట విని, వాళ్లలో పదిమంది కూడా దాన్ని సేవ్ చేసుకోకుండా, మూడో రోజుకల్లా మాయమైపోతారా? మా పాటను పెట్టించిన ప్లేలిస్టు కూడా చూశాం. స్పానిష్ పాప్ పాటకీ, పిల్లల్ని నిద్రపుచ్చే సంగీతానికీ మధ్యలో మా పాట ఉంది. మీ ఇన్వాయిస్‌లో మాత్రం 'నిజమైన తెలుగు శ్రోతలు' అని స్పష్టంగా రాసి ఉంది.

ఆ తర్వాత, మా పాటల్ని స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. స్ట్రీములు కృత్రిమమైనవని తేలిందని, పాటను తొలగించామని. ఇలాంటి పాటలకు స్పాటిఫై 2024 నుంచి డిస్ట్రిబ్యూటర్ల దగ్గర జరిమానా వసూలు చేస్తోంది. వాళ్లు దాన్ని మా ఖాతాలోంచి కోసుకున్నారు. ఆర్కే బీచ్ రోడ్డులో, యూనివర్సిటీ దగ్గర టీ కొట్ల మీద మేం అంటించిన పోస్టర్ల మీద క్యూఆర్ కోడ్ ఆ పాటదే. ఇప్పుడు స్కాన్ చేసినవాళ్లకు పాట దొరకడం లేదు.

తక్కువమంది విన్నారనైతే మేం ఈ ఉత్తరం రాసేవాళ్లం కాదు. 12 నెలల్లో 1,000 స్ట్రీములు దాటని పాటకి స్పాటిఫై రాయల్టీయే ఇవ్వదని తెలిసే ఈ పనిలోకి దిగాం. కానీ మాలాంటి వాళ్లకు ఎవరు వింటున్నారో తెలియడమే పెట్టుబడి. శ్రీకాకుళంలో వంద మంది వింటున్నారని తెలిస్తే అక్కడ చిన్న షో పెట్టుకుంటాం. బెంగళూరులో వింటున్నారంటే రోజుకి రెండు మూడు వందల రూపాయల యాడ్ అక్కడికే నడుపుతాం. మీరు ఆ లెక్కనే పాడు చేశారు. శ్రోతలు ఇంకేం వింటారో చూసే స్పాటిఫై కొత్తవాళ్లకు పాటలు సూచిస్తుంది. ఈరోజు మా పేజీలో, మా శ్రోతలు ఇష్టపడే ఇతర కళాకారులంటూ కనిపించే పేర్లలో తెలుగు పేరు ఒక్కటీ లేదు. ఇది సరిగ్గా ఎప్పటికి సర్దుకుంటుందో, ఎంత ఖర్చవుతుందో ఎవరు చెప్తారు?

ఇదంతా మెయిల్‌లో అడిగితే "ప్రమోషన్‌లో ఫలితాలు మారుతుంటాయి" అని ఒక్క వాక్యం పంపారు. మేం అడిగింది ఫలితం గురించి కాదు. మా డబ్బుతో మీరు ఏం చేశారని.

మేం కట్టిన 35,400 రూపాయలు, జరిమానా కింద పోయిన మొత్తం మాకు తిరిగి చెల్లించాలి. మా పాటను ఏయే ప్లేలిస్టుల్లో పెట్టించారో పూర్తి వివరాలు ఇవ్వాలి. ఆ స్ట్రీములు మీ క్యాంపెయిన్ వల్లే వచ్చాయని, బ్యాండ్‌కి తెలియకుండా జరిగిందని మా డిస్ట్రిబ్యూటర్‌కి సంతకంతో లేఖ రాయాలి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, ఆపైన చట్టప్రకారం ముందుకెళ్తాం. ఇన్వాయిస్, వాట్సాప్ సంభాషణ, మీ రిపోర్టు, డిస్ట్రిబ్యూటర్ మెయిల్ జతచేస్తున్నాం.

వీటిలో ఆ లేఖ మాత్రం ఈ వారంలోనే పంపండి. వచ్చే నెల విజయవాడలో మాకు షో ఉంది. పాట తిరిగి రావాలంటే డిస్ట్రిబ్యూటర్ ముందుగా అడుగుతున్నది ఆ కాగితమే.

ఇట్లు,
బ్యాండ్ సభ్యుల తరఫున,
గాయకుడు, గిటారిస్టు
విశాఖపట్నం