దిగిన చోట రెండో బస్సు ఏదీ?

సంపాదకులకు,

అయ్యా,

మన జిల్లాలో దూరప్రయాణాల మాట వస్తే అందరూ టికెట్ ధర గురించో, సీటు దొరకడం గురించో మాట్లాడతారు. నా బాధ వేరు. హైదరాబాదు నుంచి శ్రీకాకుళం దాకా ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం రాత్రి నిద్రలో గడిచిపోతుంది. అక్కణ్ణుంచి నరసన్నపేట మీదుగా సారవకోట, పాతపట్నం వైపు పోయే చివరి ముక్కకే ఒక పూట పడుతుంది. మొదటి బస్సు చేరే వేళకీ రెండో బస్సు కదిలే వేళకీ పొంతన ఉండకపోవడమే దీనికి కారణం.

ఇది పండక్కి వచ్చే వలస కూలీల ఇబ్బంది మాత్రమే కాదు. ఉద్దానం కిడ్నీ రోగుల కోసం పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల ఆసుపత్రి ప్రారంభమైంది, మంచిదే. అయినా మరో జబ్బుకో, పెద్ద పరీక్షకో విశాఖలోని పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్‌కి పోయేవాళ్లు పోతూనే ఉన్నారు. వజ్రపుకొత్తూరు మండలంలోని ఒక ఊరి మనిషి ఆటోలో పలాస చేరాలి, అక్కడ బస్సెక్కి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో దిగాలి, మళ్లీ సిటీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. ఓపీ పొద్దున్నే కాబట్టి కొందరు ముందురోజు రాత్రే వెళ్లి ఏ బెంచీ మీదో నడుం వాలుస్తారు. తిరుగు ప్రయాణం ఇంకా టెన్షన్. రిపోర్టులు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. పలాస చేరేసరికి ఊరి బస్సు ఉంటుందా అన్నదే దారి పొడవునా ఆలోచన.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక బస్సులు మారుతూ వెళ్లడం మరో రకంగా పెరిగింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ఉచితం. నాన్‌స్టాప్‌లో, సూపర్ లగ్జరీలో లేదు. అందుకని నేరుగా పోయే బస్సు వదిలేసి ఎక్స్‌ప్రెస్ తర్వాత ఎక్స్‌ప్రెస్ పట్టుకుని వెళ్తున్నవాళ్లు ఉన్నారు. మా ఇంట్లోనూ అదే లెక్క, తప్పు పట్టను. మారేవాళ్లు పెరిగినప్పుడు మారే చోటును కూడా పట్టించుకోవాలి కదా.

జిల్లాల విభజన సంగతీ అంతే. 2022 ఏప్రిల్ 4 నుంచి భామిని మండలం పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. కలెక్టరేటులో సోమవారం జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వాలంటే ఆ మండలం వాళ్లు శ్రీకాకుళానికి కాదు, పార్వతీపురానికి పోవాలి. వేళకు నేరు బస్సు దొరక్కపోతే పాలకొండలో దిగి మారాలి. కలెక్టరేటు మారితే బస్సు టైములు కూడా కొత్తగా రాసుకోవాల్సిందే.

ఇక బైపాస్. హైవే ఆరు వరుసలైంది, బండ్ల వేగం పెరిగింది. బస్సు ఫ్లైఓవర్ మీంచి దూసుకుపోతుంటే ఎక్కాల్సినవాడు కింద సర్వీసు రోడ్డులో చెయ్యి ఊపుతూ ఉంటాడు. దిగేవాళ్ల అవస్థ అంతకంటే ఎక్కువ. ఆ మధ్య మా అబ్బాయి భార్యాబిడ్డలతో ఒక ప్రైవేటు ట్రావెల్స్ బస్సులో వచ్చాడు (పేరెందుకు లెండి). టికెట్ మీద శ్రీకాకుళం అనే ఉంది. తెల్లవారుజామున సింహద్వారం దగ్గర హైవే మీదే దించేసి, కాంప్లెక్స్‌కి బస్సు రాదన్నారట. చేతిలో బ్యాగులు, భుజం మీద నిద్రపోతున్న పిల్ల. ఆటో ఆయన అడిగినంత ఇచ్చి కాంప్లెక్స్ చేరితే టీ కొట్టు దగ్గర విన్న మాట, "పాతపట్నం బస్సు ఇప్పుడే ఎలిపోనాది బాబూ."

ఆర్టీసీలో నైట్ హాల్ట్ అని మంచి పద్ధతి ఒకటుంది. రాత్రి ఆఖరి ట్రిప్పుకి ఊరు చేరిన బస్సు అక్కడే ఉండిపోతుంది. డ్రైవరు, కండక్టరు అక్కడే పడుకుని పొద్దున్నే మొదటి ట్రిప్పు తీస్తారు. ఈ బస్సు టౌన్లో కదిలే టైమును, విశాఖ నుంచి సాయంత్రం వచ్చే ఎక్స్‌ప్రెస్ చేరాక పావుగంటకు కట్టాలని నా మనవి. ఎక్స్‌ప్రెస్ ఆలస్యమైతే ఎంతసేపు ఆగాలో కూడా ముందే కాగితం మీద ఉండాలి. లేకపోతే అదంతా కండక్టరు మంచితనం మీద నడుస్తుంది. "వచ్చేస్తున్నాం, కాస్త ఆగండి" అని ఫోన్ చేస్తే ఆగే కండక్టర్లు ఉన్నారు, వాళ్లకు దండం. కానీ ఆలస్యానికి జవాబు వాళ్లే చెప్పుకోవాల్సి వస్తే ఎన్నాళ్లని ఆగుతారు?

బస్సు ఆపితే ముందు ఊళ్లలో కాచుకున్నవాళ్ల మాటేమిటని సిబ్బంది అడగొచ్చు. న్యాయమే. అందుకే అన్ని బస్సులూ ఆపమనడం లేదు, రోజులో ఆఖరి బస్సు ఒక్కటే. బస్సు ఎక్కడుందో ఫోన్లో చూపించే లైవ్ ట్రాకింగ్ ఆర్టీసీకి ఉండనే ఉంది. అదే కంట్రోలరు బల్ల మీద కూడా కనబడితే, ఆపాలా వదలాలా అన్నది ఊహ మీద చెప్పక్కర్లేదు. రెండు బస్సులకూ కలిపి ఒకే టికెట్ ఇస్తే మరీ మంచిది, వెనక ఎంతమంది వస్తున్నారో ముందే తెలుస్తుంది.

నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు పడింది 1900లో. పెద్ద లైను బండి దిగి చిన్న బండి ఎక్కడం మా వైపు తాతల నాటి అలవాటు. మారడానికి మాకేం బద్ధకం లేదు, మారే చోట బండి ఉండాలి, అంతే.

వచ్చే బస్సు ఒక డిపోదీ, వెళ్లే బస్సు మరో డిపోదీ అయినప్పుడు ఈ టైములు ఏ ఒక్కరి వల్లా కుదరవు. శ్రీకాకుళం, టెక్కలి, పలాస, పాలకొండ డిపో మేనేజర్లు ఒకచోట కూర్చుని తేల్చాలి. ప్రతి కాంప్లెక్స్‌లో ఏ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికో పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించాలి. ఇదంతా సంక్రాంతి స్పెషల్ బస్సుల పట్టిక తయారయ్యేలోపే జరిగితే మేలు. ఆ పట్టికలో హైదరాబాదు, విజయవాడ సర్వీసుల పక్కనే, అవి వచ్చే వేళకు శ్రీకాకుళం నుంచి పల్లెలకు కదిలే బస్సుల టైములు కూడా అచ్చు వేయాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రయాణికుడు,
సారవకోట మండలం, శ్రీకాకుళం జిల్లా