శనివారం సినిమా: ‘డెసిషన్ టు లీవ్’

సభ్యులందరికీ నమస్కారం.

ఈ శనివారం సాయంత్రం సరిగ్గా 6 గంటలకు, మన కమ్యూనిటీ హాలులో, పార్క్ చాన్ ఊక్ తీసిన కొరియన్ చిత్రం చూద్దాం. 2022లో కాన్ చిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ దర్శకుడి బహుమతి తెచ్చింది ఇదే.

కొండ మీది నుంచి పడి ఒకాయన చనిపోతాడు. కేసు చూస్తున్న బూసాన్ డిటెక్టివ్‌కు పెళ్లయింది, రాత్రిళ్లు నిద్ర పట్టదు. అనుమానం మృతుడి భార్య మీద. ఆమె ఇంటి ముందు కాపలా కాస్తూ కాస్తూ ఆమె మీదే మనసు పారేసుకుంటాడు. నిఘా ఎక్కడ ఆగిందో, వ్యామోహం ఎక్కడ మొదలైందో అతనికే తెలియదు. ఆ భార్యగా టాంగ్ వే నటన కోసమైనా తప్పక రండి.

నిడివి 2 గంటల 18 నిమిషాలు. మొదట్లో వచ్చే చిన్న వివరాలే తర్వాత కీలకం, ఆలస్యం చేయకండి.
సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్‌లో ఉంటాయి. దూరం నుంచి చదవలేనివారికి ముందు వరుస.
పిల్లలకు తగిన సినిమా కాదు, దయచేసి తీసుకురావద్దు.

వచ్చేవారు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి. కుర్చీలు, టీ ఆ లెక్కనే చెబుతాం.

ఇంతకుముందే చూసినవారు ముగింపు గురించి గ్రూపులో రాయవద్దు. సినిమా అయ్యాక హాలులోనే తీరిగ్గా మాట్లాడుకుందాం.

గుర్తుంచుకోండి: ఫోన్లు సైలెంట్‌లో!